చూపుకు అవతలి మనిషి

పోయినవారం మనం ఈ ఇద్దరినీ తాళం వేసిన ఒక గది ముందు వదిలిపెట్టాం. గది లోపల రెండు రేకు డబ్బాలు. బయట తాళంచెవి పట్టుకుని అతుకులమ్మ, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఆమె పెదనాన్న. చూడనని ఆయన, చూడాల్సిందేనని ఈమె.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అతుకులమ్మ అసలు పేరు ఆఫీసులో జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. పాత సినిమాలు భద్రపరిచే ఆ ఆఫీసులో పదహారేళ్ళుగా చిరిగిన ఫిల్ముకి అతుకులు వేస్తోంది కాబట్టి అదే పేరైపోయింది. ఎప్పుడో మూతపడిన ఒక ల్యాబు నుంచి లారీలో వచ్చి పడ్డ సామానులో ఆమెకి ఆ రెండు డబ్బాలు దొరికాయి. వాటిలో ఉన్నది లైట్‌హౌస్ సినిమా ఆఖరి సీను కోసం తీసి వాడకుండా పక్కన పడేసిన షాట్లు. నలుపు తెలుపు కాలంలో అంతకు మించిన సినిమా లేదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఒక డబ్బా మూత మీద ఒక హీరో పేరు, రెండో దాని మీద ఇంకో హీరో పేరు.

ఆ ఇద్దరు హీరోల గురించే పెదనాన్న బతుకంతా రాశాడు.

జనం పెట్టుకున్న పేర్లతోనే చెప్పుకుందాం. ఒకాయన కంచుగంట. ఆయన తెరమీద నోరు విప్పితే హాల్లో పసిపిల్లలు ఏడుపు ఆపేవాళ్ళట. జడ్జి వేషంలో తీర్పు చదివే ఆరు నిమిషాల సీనుంది చూశారూ, దాన్ని ఊపిరి తీసుకునే చోట్లతో సహా అప్పజెప్పే తరం ఒకటి ఉండేది. రెండో ఆయన సగంనవ్వు. ఈయన మాట్లాడేది తక్కువ. పెదవి ఒక కొసన నవ్వు మొదలవుతుంది, రెండో కొసకి చేరదు. ఆ కాస్త దూరంలోనే ప్రేక్షకులు కొట్టుకుపోయేవాళ్ళు.

అతుకులమ్మ పుట్టిన ఇంట్లో అన్నదమ్ములు చెరో పార్టీ. వాళ్ళ నాన్న కంచుగంట మనిషి. పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుంటూ జడ్జి తీర్పు గొంతెత్తి చదివేవాడు. పక్కగదిలోంచి పెదనాన్న, "కాస్త మెల్లగారా, వీధిలో వాళ్ళకి ఉరిశిక్ష పడిపోతుంది" అనేవాడు. నవ్వాపుకోలేక నాన్న రోజూ ఎక్కడో ఒకచోట గాటు పెట్టుకునేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో కంచుగంట తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

పెదనాన్న ఇరవైనాలుగేళ్ళ వయసులో ఒక వారపత్రికలో వ్యాసం రాశాడు. పేరు "గొంతు తప్ప ఇంకేముంది?" ఆనాటి పెద్ద వేషాలన్నీ వరుసగా పెట్టి, ఏ సీన్లో ఎవరు ఏం చేశారో తూకం వేసి, చివరికి కంచుగంట నటుడే కాదు, వాయిద్యం అని తేల్చాడు. అది చదవనివాడు లేడు. ఆ తర్వాత కొద్దిరోజులకే లైట్‌హౌస్ సినిమాలోంచి కంచుగంట తప్పుకున్నాడు. ఆ వేషం సగంనవ్వుకి పోయింది. కంచుగంట మళ్ళీ తెరమీద కనిపించలేదు. ఇద్దరికీ పడక గొడవపడ్డారన్నారు. వ్యాసం దెబ్బ అన్నారు. పెదనాన్న మాత్రం, నేను ఉన్నమాట అన్నాను, ఆయనకి వినడం చేతకాలేదు అని ఊరుకున్నాడు. యాభై నాలుగేళ్ళుగా అదే మాట మీద ఉన్నాడు.

ఈ ఉదయం ఆయన చంకలో ఒక ఫైలుంది. అందులో ఆయన పుస్తకం ఆఖరి అధ్యాయం, అచ్చుతప్పులు దిద్దిన కాగితాలు. సాయంత్రంలోగా ప్రెస్సుకి చేరాలి. ఆ కాలపు హీరోల నటనంతా ఒకచోట పోల్చి చూపించే పుస్తకం అది. ఆఖరి అధ్యాయం పదకొండు పేజీలూ లైట్‌హౌస్ సినిమాలో సగంనవ్వు చూసే ఒకే ఒక్క చూపు గురించి.

అతుకులమ్మ ఇక వాదించలేదు. తాళం తీసి లోపలికెళ్ళి లైటు వేసింది. పెదనాన్న ఒక నిమిషం గుమ్మంలోనే నిలబడి, పావుగంటకి మించి కూర్చోనని చెప్పి లోపలికొచ్చాడు.

గది చిన్నది. మధ్యలో మూవియోలా, అంటే రీలు తిప్పుతూ చిన్న తెరమీద బొమ్మ చూసే బల్ల. పక్కన రెండు స్టూళ్ళు, గోడకి తెల్లటి చేతి తొడుగులు ఆరేసిన తీగ. మూత తీయగానే పాత ఫిల్ము నుంచి పులిసిన వాసన గుప్పుమంది. పెదనాన్న జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఫిల్ము మీద మడతపెట్టిన చీటీ ఒకటుంది. ఆమె దాన్ని పోయినవారమే చదివింది. చదివి, ఆయనకి చెప్పకుండా మళ్ళీ అలాగే పెట్టేసింది. ఇప్పుడు కూడా తీసి పక్కన పెట్టిందే గానీ ఇవ్వలేదు. ముందు బొమ్మ చూడాలి, మాట తర్వాత, అనుకుంది.

ఆ సీను తెలియనివాళ్ళకి ఒక మాట. లైట్‌హౌస్ కాపరి ఒకరాత్రి నిద్రలోకి జారుకుంటాడు. దీపం ఆరిపోతుంది. మర్నాడు ఒక ఆఫీసరొచ్చి, దారి తప్పి రాళ్ళకి కొట్టుకున్న పడవలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతాడు. ఆఖరి పేరు కాపరి కొడుకుది. విన్నాక కాపరి ఒకే ఒక్క మాట అంటాడు: "పొద్దుపోతోంది, దీపం వెలిగించాలి." సినిమా అయిపోతుంది.

ఆమె రీలు తిప్పింది. చిన్న తెరమీద క్లాప్‌బోర్డు వచ్చి పోయింది. కంచుగంట కనిపించాడు. శబ్దం లేదు. పెదనాన్న కొంచెం వెటకారంగానే, "శబ్దం తీసేస్తే ఈయనలో మిగిలేదేముంది" అన్నాడు.

మొదటి టేకు. ఆఫీసరు వీపు మనవైపు, చేతిలో కాగితం. కాపరి భుజం మీద దీపం తుడిచే గుడ్డ. పేర్లు చదువుతున్నంతసేపూ అతను మర్యాదగా వింటున్నాడు, ఎవరి పిల్లలో అయ్యో పాపం అన్నట్టు. ఆఖరి పేరు వచ్చింది. మొహంలో ఏమీ కదల్లేదు. చెయ్యి పైకి లేచి భుజం మీది గుడ్డ తీసుకుంది. రెండు మడతలు పెట్టింది. నాలుగు. ఎనిమిది. ఇక మడత పడనంత చిన్నదయ్యాక కూడా ఆ వేళ్ళు దాన్ని నొక్కుతూనే ఉన్నాయి.

పెదనాన్న జేబురుమాలు ముక్కు మీంచి జారింది.

రెండో టేకులో గుడ్డ జోలికే పోలేదు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, డ్యూటీకి బయల్దేరే మనిషిలాగా. మూడో టేకు మొదలైంది. బల్ల చివరన ఆఫీసరుకిచ్చిన మంచినీళ్ళ గ్లాసుంది. కాగితం తిప్పేటప్పుడు ఆఫీసరు మోచెయ్యి తగిలి అది అంచుకి జరిగింది. అది అనుకోకుండా జరిగిందని చూస్తేనే తెలుస్తోంది. ఆఖరి పేరు చదివాడు. కాపరి విన్నాడు. ఒక్క క్షణం ఆగి, చెయ్యి చాపి, గ్లాసు పడిపోకుండా మెల్లగా లోపలికి జరిపాడు. జరిపి, ఆ చేతిని చూసుకున్నాడు. ఈ చెయ్యే నిన్న రాత్రి దీపాన్ని ఆరిపోనిచ్చిందన్నట్టు చూసుకున్నాడు.

"ఆపు" అన్నాడు పెదనాన్న.

ఆమె ఆపింది. ఆయన వెనక్కి తిప్పమన్నాడు. తిప్పింది. మళ్ళీ చూశాడు. మళ్ళీ తిప్పమన్నాడు. నాలుగోసారి చూస్తున్నప్పుడు స్టూలు మీద ముందుకి జరిగి, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టాడు. పావుగంట ఎప్పుడో దాటిపోయింది. పెదనాన్న సినిమా చూడటం అతుకులమ్మ చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. పెన్సిలు చెవిమీద పెట్టుకుని, ఒక కనుబొమ ఎగరేసి, ప్రతిదానికీ మార్కులు వేస్తున్నట్టు చూస్తాడు. ఇప్పుడు నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మొదటిసారి సినిమాకొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. ఆమెకి కూడా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఏడుసార్లు చూసిన ఫిల్మే అది, అయినా.

"పెదవులు చూడు" అంది ఆమె.

ఆఖరి డైలాగు దగ్గర కంచుగంట పెదవులు కదులుతున్నాయి. మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. అంత బలం పెట్టి చెప్పాల్సిన మాట కాదది. పెదనాన్న ఆ సంగతే అన్నాడు. అప్పుడు అతుకులమ్మ చీటీ ఆయన చేతికిచ్చింది. షూటింగులో ఎవరో అసిస్టెంటు పెన్సిలుతో రాసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"పదకొండో తారీఖు. శబ్దం రికార్డు చెయ్యలేదు. ఆయనకి గొంతు బొత్తిగా రావడం లేదు. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పారు. బయటికి పొక్కనివ్వొద్దని ఆయన కోరారు. అయినా సీను చేసి వెళ్తానన్నారు."

చదివాక చీటీని మడత పెట్టబోయాడు. ఆగి, మళ్ళీ తారీఖు చూశాడు. ఆమె తీసుకుంది.

ఇంతకీ పోటీ అని ఊరంతా అనుకున్నది ఏమిటి, జరిగిందేమిటి? ఆ ప్రశ్న అడగకుండానే ఆమె రెండో డబ్బా ఎక్కించింది. ఇది సగంనవ్వుది. మూడు టేకులున్నాయి. మూడోది సినిమాలో ఉన్నదే, కత్తిరించక ముందు తీసిన కాపీ. పెదనాన్నకి అది ప్రాణం. షాటు నడుస్తుంటే తనకి తెలీకుండానే ముందుముందు చెప్పేస్తున్నాడు. ఇప్పుడు రెప్ప వేస్తాడు, అన్నాడు. రెప్ప పడింది. ఇప్పుడు గొంతులో గుటక, అన్నాడు. పడింది. ఇప్పుడు చూస్తాడు, అన్నాడు.

సగంనవ్వు కెమెరాకి కాస్త ఎడమగా చూపు నిలిపాడు.

ఆ చూపు గురించే ఇన్నేళ్ళ వాదన. సముద్రాన్ని చూస్తున్నాడని కొందరు, చనిపోయిన కొడుకు కనిపిస్తున్నాడని కొందరు. పెదనాన్న పదకొండు పేజీల్లో రాసింది వేరు. ఆ చూపు చివర ఎవరూ లేరు, ఏమీ లేదు. ఎదురుగా గోడ తప్ప ఏమీలేని మనిషి తన లోపల్నుంచి అంత చూపు తోడి తీశాడంటే అదే నటన, తక్కినదంతా గొంతు చించుకోవడమే అని రాశాడు. ఆ చూపులో పెదవి కొసన నవ్వు పుట్టింది. దుఃఖం అంత పెద్దదైనప్పుడు మనిషికి వచ్చే, ఎందుకొచ్చిందో తెలియని నవ్వు. అది సగంలో ఆగి చచ్చిపోయింది. సినిమాలో అయితే సరిగ్గా ఇక్కడ సముద్రం వస్తుంది.

ఈ ఫిల్ములో సముద్రం రాలేదు. షాటు నడుస్తూనే ఉంది. కెమెరా ఆపడం మరిచిపోయారో, ఆపడానికి మనసు రాలేదో.

సగంనవ్వు చూపు తిప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది, నటన అయిపోయాక వచ్చే నీళ్ళు. ఆఫీసరు వేషగాడు లేచి పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు ఎడమవైపు నుంచి, సరిగ్గా ఆ చూపు చివర నుంచి, ఒక మనిషి తెరలోకి నడిచొచ్చాడు. మెడకి మఫ్లరు. చేతిలో ఇక మడత పడనంత చిన్నగా మడిచిన గుడ్డ.

కంచుగంట.

కెమెరా పక్కన నిలబడి, సీను మొత్తం తనూ చేశాడన్నమాట. తను ఇక ఎప్పటికీ చెయ్యలేని వేషాన్ని, అవతలివాడు చూసి అందుకునేలా, ఎవరి కంటికీ కనపడని చోట నిలబడి చేశాడు. సగంనవ్వు చూసింది సముద్రాన్నీ కాదు, శూన్యాన్నీ కాదు. సగంనవ్వు రెండు చేతులూ చాపి ఆ గుడ్డ పట్టుకున్న చేతిని తీసుకుని కళ్ళకి ఆనించుకున్నాడు. కంచుగంట రెండో చేత్తో అతని వీపు నిమిరాడు. ఫిల్ము అయిపోయి కొస చక్రం మీద టపటపా కొట్టుకుంది.

అతుకులమ్మ మోటారు ఆపింది.

"క్లాప్‌బోర్డు మీద తారీఖు చూశావా?" అన్నాడు ఆయన.

చూసిందామె. ఈ సగంనవ్వు టేకులది అదే నెల పద్నాలుగు.

"నా వ్యాసం పదో తారీఖు సంచికలో వచ్చింది. పొద్దున్నే దుకాణానికెళ్ళి పది కాపీలు కొనుక్కున్నాను. అది ఆయన చదవకుండా ఉండడు. సెట్లో ఎవడో ఒకడు తెచ్చి చూపించే ఉంటాడు. గొంతు తప్ప ఇంకేముందని నేనడిగిన మర్నాడు, గొంతు లేకుండా వెళ్ళి ఈ సీను చేశాడమ్మాయ్. నాలుగోనాడు దాన్ని ఇంకొకడికి ఇచ్చేశాడు."

ఆమెకి నాన్న గుర్తొచ్చాడు. గడ్డం మీద సబ్బునురగ, బ్లేడు గాటు, ఆ నవ్వు. ఆయన బతికుంటే ఇప్పుడు అన్నయ్యని ఏడిపించేవాడు కాదు, పక్కనే కూర్చునేవాడు. కానీ ఆయన అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది తనే అడగాలి. అడగడానికి భయపడింది కూడా. తనకి అక్షరాలు దిద్దించింది, మొదటిసారి సినిమా హాలుకి తీసుకెళ్ళింది ఈ మనిషే.

"నీకు తెలుసా పెదనాన్నా, ఆయనకి గొంతు పోతోందని?"

"తెలీదు. ఒట్టు." వెంటనే అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కానీ అంతకంటే పెద్ద పాపం చేశాను" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఆ వ్యాసం రాసే రోజుల్లో స్టూడియోలో తెలిసినవాడొకడు ఒక కబురు మోసుకొచ్చాడు. కంచుగంట ఆఖరి సీను చెయ్యలేకపోతున్నాడట, మూడురోజులుగా షూటింగు ఆగిపోయిందట అని. గొంతు పోవడం వల్ల ఆగిందని వాడికీ తెలీదు. ఇరవైనాలుగేళ్ళ కుర్రతనం, పేరు తెచ్చుకోవాలన్న ఆత్రం. ఆ కబురుని వ్యాసం చివర పెట్టేశాడు: ఎవరూ చూడని ఆ సీను గురించి, తను కూడా చూడని ఆ సీను గురించి, ఆయన వల్ల కాలేదని, కళ్ళారా చూసినవాడిలాగా. జనం మెచ్చుకున్నది ఆ ఆఖరి పేరానే. ఆ మెప్పు మీదే ఉద్యోగం వచ్చింది, పేరొచ్చింది, పెద్దమనిషి అయ్యాడు.

"నటులందరికీ చూపు గురించి పాఠాలు చెప్పాను. నేను మాత్రం చూడకుండా రాశాను" అన్నాడు.

ఆమెకి కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ దానికంటే పెద్దదేదో గదినిండా ఉంది. ఇద్దరు మనుషులు, ఊరంతా శత్రువులనుకున్నవాళ్ళు, ఒకరి మొహం చూసి ఒకరు నటించారు. ఏళ్ళ తరబడి ఎవరు గొప్పని జనం తలలు బద్దలు కొట్టుకుంటే, వాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారు. దాని ముందు కోపానికి కూర్చునే చోటు దొరకలేదు.

పెదనాన్న ఫైలు తెరిచి పదకొండు పేజీలూ బయటికి తీశాడు. చింపుతాడేమో అనుకుంది. చింపలేదు. చెవిమీది పెన్సిలు తీసి, మొదటి పేజీ మీద అడ్డంగా ఒక గీత, రెండో పేజీ మీద ఒక గీత, అలా పదకొండు గీతలు గీశాడు. ప్రెస్సుకి ఫోను చేసి పని ఆపమని చెప్పమన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే ఏం చెప్పాలంది ఆమె. నేను చూసి వచ్చేదాకా అని చెప్పమన్నాడు.

ప్రెస్సువాడు లబోదిబోమన్నాడు. అది అలా ఉంచుదాం.

"ఆయనకి ఉత్తరం రాద్దామన్నా ఎక్కడికని రాస్తాం. ఎప్పుడు పోయాడో కూడా తెలీదు" అన్నాడు పెదనాన్న.

"పోలేదు" అంది అతుకులమ్మ. ఆయన తలెత్తాడు. పాత సినిమాలు ఎక్కడైనా వెయ్యాలంటే అనుమతి అడగడానికి బతికున్న నటుల నంబర్లు ఆఫీసు రిజిస్టరులో ఉంటాయి. కంచుగంట పేరు కూడా ఉంది. తొంభై రెండేళ్ళు. కూతురి దగ్గర ఉంటున్నాడు. ఈ సంగతి ఆమెకి వారంరోజులుగా తెలుసు. ఆయన అడిగితేనే చెప్పాలని బిగబట్టుకుని కూర్చుంది.

పెదనాన్న లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి చొక్కా సర్దుకున్నాడు, ఫోన్లో ఎవరో చూస్తారన్నట్టు. నంబరు కలిపి స్పీకరు పెట్టి బల్లమీద ఉంచింది ఆమె. అవతల ఒక ఆడమనిషి గొంతు, పెద్దవయసుదే, ఎవరండీ అని అడిగింది. పెదనాన్న తన పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఫలానా వ్యాసం రాసింది నేనేనమ్మా అని, ఆ ఆఖరి సీను డబ్బాలు ఇప్పుడే చూశానని కూడా చెప్పి, నాన్నగారితో ఒక్కమాట మాట్లాడనిస్తారా అని అడిగాడు.

అవతల ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నారు.

"నాన్నగారు మాట్లాడలేరండీ, రాసి చూపిస్తారు. పక్కనే ఉన్నారు, మీ మాట విన్నారు. ఉండండి, రాస్తున్నారు." కాగితం చప్పుడు. "ఎన్ని డబ్బాలు చూశారని అడుగుతున్నారు."

"రెండు" అన్నాడు పెదనాన్న. "రెండూ చూశానని చెప్పమ్మా. యాభై నాలుగేళ్ళు ఆలస్యంగా చూశానని చెప్పు."

మళ్ళీ కాగితం చప్పుడు. ఈసారి చాలాసేపు పట్టింది. అతుకులమ్మ పెదనాన్న చెయ్యి పట్టుకుంది. అవతల ఆవిడ మాట్లాడినప్పుడు, చదివి వినిపిస్తున్నట్టు కాకుండా తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడింది.

"మొత్తం మూడని రాశారండీ. ఆ మూడోది మా ఇంట్లోనే ఉంది, బీరువా మీద. నా పెళ్ళికి ముందునుంచీ చూస్తున్నాను. ఎవర్నీ మూత తియ్యనిచ్చేవారు కాదు. దాని మీద ఒక పేరు రాసి ఉంటుంది. ఎవరు నాన్నా ఈయన, మీతో నటించారా అని ఎన్నిసార్లడిగినా నవ్వి ఊరుకునేవారు." ఆవిడ బీరువా వైపు తిరిగినట్టుంది, గొంతు దూరమైంది. "ఇందాక మీరు చెప్పిన పేరే అది."